పూర్వచరిత్ర విచారణ - తలిదండ్రుల బాధ్యత
(తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల బిడ్డలు నేడు సైన్యమునందును, రైల్వేలయందును, బెంగుళూరునందలి రక్షణ కర్మాగారములయందును ఉద్యోగములు కోరుచున్నారు. ఇది మనకు సంతోషకరమైన విషయము. అయితే పరీక్షలో నెగ్గినంత మాత్రమున ఉద్యోగము చేతికి రాదు. అభ్యర్థి నడవడిని, పూర్వచరిత్రను ప్రభుత్వమువారు పోలీసుల ద్వారా విచారింతురు. గంజాయి మొదలగు మత్తుపదార్థముల జోలికి ఒకమారు పోయిన యువకునికి ఈ విచారణలో ఏమగునో నాలుగు మాటలలో మనవి చేయదలచితిమి.

ముందు చట్టమును చూతము. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము, 27వ సెక్షను ప్రకారము మత్తుమందును సేవించుటయే నేరము. కొకెయిను, మార్ఫిను, హెరాయిను వంటివానికి ఒక సంవత్సరము వరకు కఠిన కారాగారము గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గంజాయి వంటివానికి 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని కలవు. స్నేహితులతో సరదాకు త్రాగితిననుమాట అచ్చట చెల్లదు.

ఇక ఉద్యోగపు మాట. నియామక సమయమున అభ్యర్థిచే అటెస్టేషను ఫారము పూర్తిచేయింతురు. ఎన్నడైన అరెస్టయితివా, కేసు నడచినదా, శిక్ష పడినదా, ఇప్పుడేదైన కేసు పెండింగులో నున్నదా యని అందు అడుగుదురు. అబద్ధము వ్రాసినను, నిజము దాచినను అనర్హుడగునని హెచ్చరికయు నుండును. ఫారము ఇంగ్లీషున, హిందీలో నుండుటచే మన యిండ్లలోని పెద్దలు దానిని చదువలేక, "ఎందుకు వచ్చిన గొడవ, అన్నిటికిని లేదని వ్రాయుము" అని బిడ్డకు చెప్పుదురు. ప్రేమతో చెప్పిన ఈ మాటయే ఉద్యోగమును పోగొట్టగలదు.

2016లో అవతార్ సింగ్ కేసునందు సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ విషయమును విశదపరచినది. ఫారములో స్పష్టముగా అడిగినదానికి సత్యమే వ్రాయవలెను. చిన్న వయసున జరిగిన అల్పమైన తప్పును దాచినను అధికారి క్షమింపవచ్చును. క్షమించి తీరవలెనని లేదు. తప్పు పెద్దదైనచో నియామకమును రద్దు చేయవచ్చును. నిజము చెప్పినవానిని సహితము తప్పక నియమింపవలెనని నిర్బంధము లేదు. కావున సత్యము ఉద్యోగమునకు పూచీ కాదు. అయినను దాచినవానికి తప్పుపై వంచన యను రెండవ దోషము చేరును.

అమెరికా దేశమున రహస్య విషయములు తెలియు ఉద్యోగములకు, గత 7 సంవత్సరములలో మత్తుమందు వాడితివా యని ఫారములో నేరుగానే అడుగుదురు. వాడి ఎంతకాలమైనది, మరల వాడునా, నిజము చెప్పెనా యని అచ్చటివారును తూచి చూతురు.

అలవాటు పడిన బిడ్డకు దారి లేదా? కలదు. అదే చట్టము 64-ఎ సెక్షను ప్రకారము, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వము నడుపునట్టి లేక గుర్తించినట్టి వైద్యసంస్థలో చేరి చికిత్స పొందినచో, సేవించిన నేరమునకు ప్రాసిక్యూషను నుండి రక్షణ పొందగలడు. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. పరువు పోవునని బిడ్డను గదిలో దాచిన తండ్రి ఈ అవకాశమును కూడ దాచినవాడగును.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. బిడ్డ తప్పుచేసి వచ్చి చెప్పినపుడు ముందు వినుడు, దండన తరువాత. ఇంట నిజము చెప్పి తిట్లు మాత్రమే తిన్నవాడు ఫారములో నిజము వ్రాయునా? కేసున్నచో వకీలును సంప్రతింపుడు. ఫారము వచ్చిన దినమున పాఠశాలకు తెండు. పంక్తి పంక్తిని తెలుగున చదివి వినిపింతుము. ఇది అల్పసంఖ్యాక భాషా పాఠశాలగా మా విధి. జవాబు మాత్రము బిడ్డయే, తన చేతితో, ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.