క్రిస్మసు పండుగకు పూలు, పచ్చని కొమ్మలు

డిసెంబరు మాసము వచ్చునప్పటికి మన అంగళ్ళలో పూలకు కొదువ యుండదు. పచ్చ చామంతులును, తెల్ల చామంతులును గంపలతో దిగును. బంతిపూలు రాశులు పోసియుండును. ఊదారంగు డిసెంబరు పూలు, వాసన లేకున్నను, ఈ మాసముననే స్త్రీల జడలలోనికి చేరును. ధనుర్మాసమున గొబ్బెమ్మలపై గ్రుచ్చు బంతిపూవును, క్రిస్మసునాడు క్రైస్తవ గృహమున గుమ్మమునకు కట్టు బంతిపూవును ఒక్క తోటలో పూచినవే, ఒక్క గంపలోనుండి కొన్నవే. ఇది మనమెల్లరము ఎరిగిన సంగతి. అయినను క్రిస్మసు అలంకరణము అనినంతనే మన మనస్సునకు తోచునది ఈ గంప కాదు. శుభాకాంక్షల కార్డుపై అచ్చువేసిన శంఖాకారపు చెట్టు, దానిపై తెల్లని మంచు, ఎర్రని పండ్లు గల ముండ్ల ఆకు, ఇవియే తోచును. ఆ బొమ్మ యెక్కడిది, అచట అది యేల పుట్టినది, మన ఇంట దాని స్థానమున ఏది యుండదగును అను విషయములను నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఉత్తర ఐరోపా దేశములలో డిసెంబరు చివర పగలు మిక్కిలి కురుచ. లండను నగరమున ఆ దినములలో సూర్యుడు ఎనిమిది గంటలసేపైనను ఆకాశమున నిలువడు. ఓక్ చెట్టు, ఆపిల్ చెట్టు మొదలగునవి ఆకులన్నియు రాల్చి మోడులై యుండును. తోటలో పూవన్నది దొరకుట గగనము. అట్టి సమయమున పచ్చగా నిలుచునవి కొన్నియే కలవు. హోలీ యను ముండ్ల ఆకుల చెట్టు, ఐవీ యను ప్రాకుడు తీగ, మిసిల్టో యను బదనిక, ఫర్, స్ప్రూస్ అను శంఖాకారపు వృక్షములు. ఇంటిని అలంకరింపవలెనని కోరిక గలవారు వీనిని తెచ్చుకొనక మరి యేమి తెచ్చుకొందురు? వారు ఏరి కోరి పరదేశపు వస్తువు తెప్పించుకొనలేదు. పెరటిలో బ్రతికియున్నదానిని లోనికి తెచ్చుకొనిరి. క్రిస్మసు అలంకరణమునకు మూలమిదియే.

హోలీ చెట్టున ఒక విశేషము కలదు. ఇందు ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఎర్రని పండ్లు ఆడచెట్టుకే కాయును, అదియును సమీపమున మగచెట్టు ఉన్నప్పుడే. ఆడచెట్టు నొక్కదానిని నాటి, పండ్లు రాలేదేమని ఏండ్ల తరబడి ఎదురుచూచుట వ్యర్థము. మిసిల్టో మన మామిడితోటలలో కొమ్మలపై పెరుగు బదనికకు దూరపు చుట్టము. ఆపిల్ కొమ్మపై అంటుకొని, చెట్టు రసమును పీల్చుచు, ఆ చెట్టు ఆకులు రాల్చిన కాలమున తాను మాత్రము పచ్చగా నుండును. దాని జిగురు గింజలను పక్షులు ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు చేర్చును. మన రైతు బదనికను చూచిన కత్తి తీయును. ఆంగ్లేయులు దానిని గుమ్మమునకు వ్రేలాడదీసి, దాని క్రింద కలసికొన్నవారు ముద్దు పెట్టుకొనవచ్చునను సరదా ఆచారము నొకదానిని కల్పించుకొనిరి. దేశాచారములు ఇట్లుండును!

ఇక చెట్టు సంగతి. నేడు ఫ్రాన్సులోనున్న స్ట్రాస్‌బర్గు నగరమున, క్రిస్మసు దినములలో గదిలో ఫర్ చెట్టును నిలిపి, దానికి రంగుకాగితములతో చేసిన గులాబీలను, ఆపిల్ పండ్లను, పలుచని అప్పములను, చక్కెర మిఠాయిలను వ్రేలాడగట్టుచుండిరని 1605 నాటి వ్రాత యొకటి తెలుపుచున్నది. చలికాలమున నిజమైన గులాబీ దొరకదు గనుక కాగితపు గులాబీ వచ్చినదన్నమాట. జర్మను దేశమునుండి వచ్చిన షార్లెట్ రాణి 1800లో విండ్సరులో ఇట్టి చెట్టు నొకదానిని నిలిపినది. అయినను సామాన్య ప్రజలలో ఆ వాడుక వెంటనే వ్యాపింపలేదు. విక్టోరియా రాణి, ఆల్బర్టు ప్రభువు తమ బిడ్డలతో చెట్టు చుట్టు నిలిచియున్న చిత్రమును 1848లో ఒక లండను సచిత్ర వారపత్రిక ప్రకటించిన పిమ్మట ఇంటింట చెట్టు వెలసినది. అనాదియని మనము భావించు ఆంగ్లేయుల ఆచారమునకు రెండువందల ఏండ్లైనను నిండలేదు.

భూగోళమునకు దక్షిణార్ధమున డిసెంబరు మండు వేసవి. అచటికి వలసపోయిన ఆంగ్లేయులు కార్డులపై మంచు బొమ్మను వెంటనే విడువలేకపోయిరి గాని, గడపకు మాత్రము ఆ నేలపై పెరిగినదానినే తెచ్చుకొనిరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సున డిసెంబరులో ఎర్రబారు పొద యొకటి కలదు. దానికి 'క్రిస్మసు పొద' యని పేరు పెట్టిరి. న్యూజీలండు సముద్రతీరమున పొహుతుకావా యను చెట్టు సరిగా ఆ దినములలోనే ఎర్రని పూలతో నిండును. దానిని వారు తమ క్రిస్మసు చెట్టు అందురు.

మెక్సికో దేశము ప్రపంచమున కిచ్చిన క్రిస్మసు పూవు పాయిన్‌సెట్టియా. బెంగుళూరు, ఉదకమండలము తోటలలోను, మన హైదరాబాదు ఇండ్లలోను శ్రోతలు దీనిని చూచియే యుందురు. కొమ్మల చివర ఎర్రని నక్షత్రము వలె విచ్చుకొనియుండును. ఆ ఎరుపు పూవుది కాదు, ఆకులది. నడుమ పసుపుపచ్చగా కానవచ్చు చిన్న మొటిమల వంటివే అసలు పూలు. స్పానిషు భాషలో దీనిని క్రిస్మసు ముందటి రాత్రి పూవని పిలుతురు. ఒక పేదపిల్ల బాలయేసునకు కానుక కొనలేక, దారి ప్రక్కనున్న పిచ్చిమొక్కలను కోసి తెచ్చి సమర్పింపగా, ఆ ఆకులు ఎర్రని పూలుగా మారినవని అచటి ప్రజలు ఒక కథ చెప్పుకొందురు. అమెరికా సంయుక్త రాష్ట్రముల తొలి దౌత్యప్రతినిధిగా 1825లో మెక్సికోకు పోయిన జోయెల్ పాయిన్‌సెట్ వృక్షశాస్త్రమున అభిరుచి గలవాడు. ఆయన ఈ మొక్కను తన దక్షిణ కరోలినాకు పంపెను, ఆయన పేరే దానికి నిలిచినది. మెక్సికో రాజకీయములలో ఆయన జోక్యము అచటివారికి రుచింపక, ఆయనను వెనుకకు పిలిపించుకొనుమని కోరవలసివచ్చినది. అందుచేత కాబోలు, మెక్సికోలో ఆ పూవును ఆయన పేరున ఎవ్వరును పిలువరు.

ఈ మొక్క డిసెంబరులోనే ఎర్రబారుటకు కారణము చలి కాదు, రాత్రి నిడివి. రాత్రులు దీర్ఘములైనగాని దానికి పూత రాదు. అక్టోబరు మాసమునుండి రాత్రివేళ వీధిదీపపు వెలుతురు దానిపై పడుచున్నచో, ఆ సంవత్సరము ఎరుపు రాకపోవచ్చును. మన చామంతియును ఇట్టిదే. అదియును రాత్రి పెరుగుటను లెక్కించియే మొగ్గ తొడుగును. మరియొక చిత్రము వినుడు. మన బంతియు పుట్టుకచేత మెక్సికో దేశపుదే. గొబ్బెమ్మపై బంతిపూవునకును, క్రిస్మసు రాత్రి ఎర్రపూవునకును పుట్టినిల్లు ఒక్కటియే. కనుక ఏది మనది, ఏది పరాయిది యనుటకు పుట్టుక ఒక్కటియే కొలత కాజాలదు. మన నేలపై, మన నీటితో, మన కాలమున పూచునది మనదే యని మా అభిప్రాయము.

ఈ అభిప్రాయము మాకు పుస్తకములు చదివి కలిగినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు పాటలు రికార్డు చేయుటకు సముద్రతీరమున నొక గ్రామమునకు పోయితిమి. వ్యాఖ్యానమును ఆఫీసులోనే ముందుగా వ్రాసికొని పోయితిమి. 'మంచు మేలిముసుగు వేసికొన్న దేవదారు వృక్షము' అని అందొక వాక్యము. వ్రాసినప్పుడు మాకది ఎంతయో సొగసుగా తోచినది. పాడువారు చేరిన ఇంట ముందుగదిలో ఒక మూల బకెట్టు నిండ ఇసుక పోసి, నిలువెత్తు సరుగుడు కొమ్మను పాతియుండిరి. దానికి చామంతులను దారముతో కట్టిరి. చూరునుండి వెదురుబద్దల నక్షత్రము వ్రేలాడుచుండెను. గుమ్మమునకు మామిడాకులు, బంతిపూలు. మేము యంత్రములను దింపుచుండగా ఆ ఇంటి పెద్దామె దగ్గరకు వచ్చి చిన్న గొంతుకతో, "అయ్యగారూ, ఆ కొమ్మ పెరట్లో పెట్టించేస్తాను లెండి. మా అబ్బాయి పట్నం నుంచి మంచి చెట్టు తెస్తున్నాడు. మా అమ్మ నాడు కొనే స్తోమత లేక ఇది పెట్టుకునేవాళ్ళం, ఆ అలవాటు పోలేదు" అనెను.

ఆమె సిగ్గుపడినది. ఆ సిగ్గునకు కారణము మా చేతిలోని కాగితము వంటి కాగితములే యని మాకు తట్టినది. "అది అక్కడే ఉండనీయండమ్మా" యని చెప్పి, ఆ మంచు వాక్యమును కొట్టివేసితిమి. సరుగుడు కొమ్మను, చామంతులను ఉన్నవున్నట్లు వర్ణించితిమి. ఇంటి వెనుక సరుగుడు తోటలో గాలి చేయు హోరు పాటల వెనుక వినబడుచున్నదని మా ఇంజనీరు మిక్కిలి చింతించెను. దానిని అట్లే యుంచితిమి. సాయంకాలమునకు కుమారుడు వచ్చెను, అట్టపెట్టెలోనుండి ప్లాస్టిక్ చెట్టు బయటపడెను. ఆ రాత్రి రెండును ఒకే గదిలో నిలిచినవి. పిల్లలు దేని చుట్టు చేరిరో చెప్పినచో మేము పక్షపాతముచే కల్పించితిమని తలతురు గాన చెప్పము.

సరుగుడును వలస వచ్చినదే. దాని స్వస్థలము ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా సముద్రతీరములు. సూదులవలె కానవచ్చునవి ఆకులు కావు, కణుపులు గల సన్నని రెమ్మలు. ఆకులు ఆ కణుపుల యొద్ద కంటికి ఆననంత చిన్న పొలుసులు. చూపునకు మాత్రము ఫర్ చెట్టునకు చెల్లెలివలె నుండును. కొమ్మను తోట యజమానినడిగి, కొట్టుడు పడిన చెట్టునుండియే తీసికొనవలెను. పండుగకు రెండు మూడు దినములకు ముందుగా తేరాదు. ఇసుకను నిత్యము తడుపుచుండవలెను, లేకున్న రెమ్మలు రాలి గదియంతయు నిండును. ముఖ్యముగా, ఎండిన సరుగుడు నిప్పును మిక్కిలి త్వరగా అందుకొనును. దానిపై క్రొవ్వొత్తులు నిలుపుట ప్రాణములతో చెలగాటము. చిన్న విద్యుద్దీపములు చాలును. ప్రమిదలే ముద్దనువారు వానిని నీరు పోసిన పళ్ళెమున, కొమ్మకును తెరలకును దూరముగా ఉంచవలెను.

పూలను తెల్లవారుజామున కోయుట మేలు. కాడ చివరను ఏటవాలుగా మరల కత్తిరించి, నీటిలో మునుగు ఆకులను తీసివేసినచో చామంతి వారము దినములు నిలుచును. బంతి ఆకు నీటిలో త్వరగా క్రుళ్ళి దుర్వాసన కొట్టును గనుక దానిని దండగా కట్టుటయో, పూవు మట్టుకు త్రుంచి వెడల్పాటి ఇత్తడి పళ్ళెమున నీటిపై తేల్చుటయో మంచిది. డిసెంబరు పూలు ఒక్కపూట అందమే. వాసన కొఱకు మరువము, ధవనము రెండు రెమ్మలు చాలును. పాయిన్‌సెట్టియా కొమ్మను కోసినంతనే తెల్లని పాలు కారును, ఆకుజెముడు జాతియే గదా. కోసిన చివరను క్షణకాలము దీపపు మంటకు చూపినచో పాలు కట్టి, కొమ్మ వాడక నిలుచును. ఆ మొక్క ప్రాణాంతకమను మాట అతిశయోక్తియే గాని, పాలు చర్మమునకు దురద పుట్టించును, కంటికి తగులరాదు. పసిబిడ్డలున్న ఇంట అందనంత ఎత్తున పెట్టవలెను.

కుండీలో అరాకేరియాను పెంచువారికి ప్రతి సంవత్సరము కొమ్మ కొట్టవలసిన పనియే లేదు. అది నార్ఫోక్ ద్వీపపు చెట్టు, కొమ్మలు అంతస్తులుగా వచ్చును. దాని తల మాత్రము త్రుంచరాదు. త్రుంచిన మరల ఆ రూపము రాదు.

మేము చూచిన ఆ ఇంట సరుగుడు కొమ్మను జనవరి 6వ తేదీవరకు కదలింపరట. పిదప ఏమి చేయుదురని అడిగితిమి. "పొయ్యిలోకి పోతుందండీ, రెండు పూటల వంటకొస్తది. ఇసుక మట్టుకు అటక కింద పోసి ఉంచుకుంటాం, మళ్ళా ఏటికి" అని ఆమె నవ్వెను.