లెన్సు వేసిన కళ్ళూ పనికొస్తాయి



శుక్లాల ఆపరేషనై లెన్సు వేసుకున్నాం కదా, ఇక మన కళ్ళు దానానికెక్కడ పనికొస్తాయని మనలో చాలామంది అంటుంటారు. పనికొస్తాయండీ. ఆ లెన్సు ఉండేది కంటిపాప వెనుక. ఇంకొకరికి అమర్చేది ముందున్న కార్నియా, గడియారానికి అద్దంలాంటి పొర. దానికి రక్తనాళాలు లేవు, ఆక్సిజన్ గాలినుంచే అందాలి. (కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోవద్దని, వాటిని కుళాయి నీళ్ళతో కడగవద్దని మనవళ్ళకు చెప్పండి. మన కర్నూలు, కడప ఎండకూ దుమ్ముకూ కళ్ళు ముందే పొడిబారి ఉంటాయి.) శెనక్కాయ పీకేటప్పుడు పుల్ల గుచ్చుకొని, పుండై, ఆ పొర తెల్లబడిన రైతుకు చాలాసార్లు కార్నియా మార్పిడే దారి.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రిలో 1989లోనే ఐ బ్యాంకు పెట్టారు. ప్రాణం పోయిన 6 గంటల్లోపు కబురందాలి. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడిదూది వేసి ఉంచాలి. సంతకం మనం పెట్టినా ఫోను చేయవలసింది పిల్లలే. మా ఇంట్లో ఐ బ్యాంకు నంబరు క్యాలెండరు పక్కనే అంటించాం.