కోణమును కొలుచు యంత్రము – గట్టు తగాదా



గ్రామ లెక్కలు వ్రాయువానికి ఉత్సవసభలో పని యేమని మీరు శంకింపవచ్చును. సరిహద్దు రాయి పేరెత్తినంతనే కంఠస్వరము మారని రైతు అరుదు. అందుచే థియోడొలైటు అను యంత్రమును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

పావులూరి మల్లన తెనిగించిన మహావీరాచార్యుల గణితసారసంగ్రహమున క్షేత్రగణితమునకు ప్రత్యేక ప్రకరణము కలదు. కొలత మనకు పరాయి విద్య కాదు. మచిలీపట్టణమునకు ఈ విద్యతో పాత బాంధవ్యమే కలదు. ఈ తీరమును కొలిచిన మైకేల్ టాపింగు 1794లో మద్రాసున సర్వే పాఠశాలను నెలకొల్పి, 1796లో బందరునందే కన్నుమూసెను. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు నుండి మహా త్రికోణ సర్వేను ఆరంభించెను. ఆయన పెద్ద థియోడొలైటు బరువు సుమారు అర టన్ను. 1808లో తంజావూరు గోపురము మీదికి ఎక్కించుచుండగా తాడు తెగి అది దెబ్బతినెను.

గుడివాడ, దివిసీమల వంటి సమతలమున కొండ లేదు. తాటితోపులు చూపును మూయును. కనుక పొలిమేర వెంట రాయి నుండి రాయికి నడచుచు, ప్రతి మలుపున కోణమును, ప్రతి భుజమున గొలుసు దూరమును వ్రాసికొనుట పద్ధతి. గొలుసు 66 అడుగులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరము. 12 భుజముల పొలిమేరలో లోపలి కోణముల మొత్తము 1800 డిగ్రీలు కావలెను. కాకున్న పొరపాటు కలదని లెక్కయే చాటును. ఒక్క నిమిషము కోణము తప్పినచో మైలు దూరమున అడుగున్నర పక్కకు పోవుదుము.

మంచి సర్వేయరు కోణమును ఒక్కసారి చదివి ఊరకుండడు. దుర్భిణిని త్రిప్పి, యంత్రముఖమును మార్చి, అదే కోణమును మరల చదువును. రెంటి సగటున యంత్రపు సహజ దోషము చాలవరకు తొలగును. తగాదా తీర్చు పెద్దలకును ఇంతకంటె వేరు నీతి లేదు: ఇరువైపుల నుండియు చూడవలెను.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. అట్టి ప్రళయమున గట్టు కరగును, రాయి కొట్టుకొనిపోవును, సాక్ష్యము చెప్పవలసిన ముసలివాడును మిగులడు. వ్రాసిన కోణమును, దూరమును మిగిలినచో, నిలిచిన రెండు రాళ్ల నుండి పోయిన మూడవదాని చోటును మరల కనుగొనవచ్చును.

నేడు ఉపగ్రహ సంకేతములు, డ్రోనులు వచ్చినవి. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల పునఃసర్వే మొదలైనది. యంత్రము మారినను రైతు కర్తవ్యము మారలేదు: కొలత నాడు పొలమున నుండుట, తన పటమును తాను చదువుకొనుట. మనకు చదువరాని పటము పరుల చేతి పటమే.

కావున ఈ గ్రంథాలయమున కావ్యముల సరసన గ్రామ పటమును ఉంచవలెననియు, సాయంకాలములందు పిల్లలకు ఎఫ్.ఎం.బి. చదువుట నేర్పవలెననియు నా విన్నపము. స్వర్ణోత్సవము నాటికి గట్టు కొరకు కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములు మన ఊర లేకుందురు గాక! సెలవు.