బాలింత మనస్సు, శిశువు ఆరోగ్యము



మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పురుడు వచ్చిన యింటికి పంచాంగము చూచు పంతులును బిలుతురు. నేను బడిలో పాఠములు చెప్పుచు, తీరికవేళల ఆ పనియు జేసితిని. అందు నావలన జరిగిన తప్పొకటి మీకు జెప్పవలసియున్నది.

ఒక మాఘమాసమున మా వీధిలో నొక చిన్నదానికి తొలిచూలున ఆడుబిడ్డ కలిగెను. పెనిమిటి మిరపకోతలకు గుంటూరు సీమకు బోయియుండెను. నేను వాకిట గూర్చుండి లెక్కగట్టి, "మూలా నక్షత్రము, ప్రథమ పాదము, తండ్రికి గండము" అని బిగ్గరగా జెప్పితిని. నడుమ నున్నది తడిక మాత్రమే. తల్లి వినెను. నాటినుండి ఆమెకు నిద్ర లేదు, అన్నము సయింపలేదు. వారము తిరుగకమున్నే పాలు చేపుట తగ్గెను. బిడ్డ యేడ్చి యేడ్చి సొమ్మసిల్లుచుండెను. దిష్టి యనిరి, గాలి యనిరి. ఆ యింటి ముసలమ్మ మాత్రము నా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, మీరన్న మాట మీరే వచ్చి తీసికొనిపోవలె" ననెను. పోయితిని. గండమేమియు లేదని తడిక కడనే నిలిచి చెప్పితిని. మనిషిని బంపి పెనిమిటిని రప్పించితిమి. అతడు బిడ్డ నెత్తుకొనుట కన్నులార జూచిన పిమ్మటనే ఆ తల్లి కడుపార భుజించెను. నాలుగు దినములకు పాలు తిరిగి చేపెను, బిడ్డ తేరుకొనెను.

క్రోధశోకములచేత స్తన్యము నశించునని సుశ్రుతసంహిత శారీరస్థానమున నున్నది. గర్భిణిని నిండు తైలపాత్రవలె కుదుపులేక కాపాడవలెనని చరకుడు చెప్పెను. రెండును చదివినవాడనే. వాకిట గూర్చున్ననాడు జ్ఞప్తికి రాలేదు.

నేటి వైద్యులు దీనికి గారణము జూపుచున్నారు. శిశువు చన్ను పట్టగానే తల్లి మెదడునుండి ఆక్సిటోసిన్ అను రసము వెలువడి పాలను చేపించును. భయదుఃఖములు దాని నడ్డగించును. గర్భమునాడు తీవ్రవ్యాకులత చిరకాలముండెనేని, నెలలు నిండక పుట్టుట, తక్కువ బరువుతో బుట్టుట యను నపాయములు హెచ్చును. 2002లో యంగ్ లైవ్స్ పరిశోధకులు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, మన పొరుగుననున్న కడపతోగూడ కొన్ని జిల్లాలలో, సుమారు 2000 మంది పసిబిడ్డలను బరిశీలించిరి. మనోవ్యథగల తల్లుల బిడ్డలలో ఎదుగుదల తగ్గినవారు హెచ్చుగా గనబడిరి.

అట్లని పాలు చాలని ప్రతి తల్లియు దుఃఖించుచున్నదని తలపరాదు. ఆమెను నిందించుట మరియొక గాయము. బిడ్డ పాలు త్రాగక మందగించినచో శాంతికి ముందు వైద్యుని జూడుడు. తల్లి దిగులు రెండు వారములకును తీరకున్న, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గొనిపొండు. 14416 సంఖ్యకు ఫోను చేసినను టెలీమానస్ వారు సలహా నిత్తురు.

మన సీమలో బావులెండుటను, మగవారు కూలికి దేశాంతరము పోవుటను ఒక్కనాట మాన్పలేము. అప్పులవానిని మాత్రము పురిటింటి వాకిటినుండి రచ్చబండకు బిలిచి మాటాడవచ్చును. ఆడుబిడ్డ యని నిట్టూర్చువారిని మీరు కసరినచో మారుపలుకరు.

నాటినుండి నేను మూడవ నెల దాటినగాని జాతకము వ్రాయనంటిని. కొందరు కోపించి వేరొక పంతులుకడకు బోయిరి.