ఊరి గ్రంథాలయం – మన పైసలు, మన హక్కు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రజాస్వామ్యంలో గ్రంథాలయాల పాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సిద్ధాంతాల జోలికి పోకుండా మన తెలుగు నేల మీద జరిగిందే చెబుతాను.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనుకున్నారు. 1904లో హనుమకొండలో, 1905లో సికింద్రాబాదులో మరికొన్ని వచ్చాయి. పైకి చూస్తే ఇదంతా భాషాభిమానమే. కానీ నిజాం రాజ్యంలో ఒక దశలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం సర్కారు అనుమతి తప్పనిసరి. నలుగురు కూడితే అనుమానం. అలాంటి చోట పదిమంది కూర్చుని పత్రిక చదువుకునే గది ఉండటమంటే మామూలు విషయం కాదండీ. ఆంధ్ర మహాసభను నడిపిన మాడపాటి హనుమంతరావు గారు గ్రంథాలయోద్యమంలోనూ ముందున్నారు. అది కాకతాళీయం అని నేననుకోను.

కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య గారు జీవితమంతా ఇదే పని చేశారు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వారందరినీ సభగా కూర్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. రేవులో పడవ ఆగితే పుస్తకం చేతికొచ్చేది. ఫార్వర్డు పోస్టులకు రేషన్ చేర్చిన మన ఏయెస్సీ మిత్రులకు ఈ పద్ధతి విడమరిచి చెప్పనక్కర్లేదు!

ఇవన్నీ చందాలతో నడిచినవి. చందా ఆగితే తలుపు మూతపడుతుంది. అందుకే చట్టం కావాలన్నారు. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, రెండూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్‌కు గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ఊరి గ్రంథాలయం ఎవరి దయాధర్మమూ కాదు, మన డబ్బుతో నడిచేది. ఆ డబ్బును వసూలు చేసిన పంచాయతీలు, మునిసిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వింటున్నదే. పుస్తకాలు కొనకపోతే, గ్రంథపాలకుడి ఖాళీ నింపకపోతే మూలం అక్కడ వెతకాలి.

ఇప్పుడు అన్నీ ఫోనులో ఉన్నాయి కదా తాతా అంటారు పిల్లలు. ఉన్నాయి, కాదనను. కానీ ఫోను తనకు తోచింది మనకు చూపిస్తుంది. రేపటికి అది ఉండొచ్చు, మాయం కావొచ్చు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో దశాబ్దాల నాటి పత్రికలు భద్రపరిచారు. ఆనాడు ఎవరేమన్నారో కాగితం మీద చూసుకోవచ్చు. పైగా రెండు భిన్నమైన పత్రికలు ఒకే బల్ల మీద ఉంటాయి.

మనకిది మరీ అవసరం. యూనిట్‌లో ఇన్ఫర్మేషన్ రూముంటుంది, పేపరుంటుంది. కానీ మన ఓటు ఊళ్లో ఉంటుంది. సర్వీసు ఓటరుగా ఎక్కడో కొండల్లో కూర్చుని వేస్తాం. సెలవులో వచ్చినప్పుడు సగం సంగతులు బంధువులు చెప్పినవి, సగం పార్టీ వాళ్లు చెప్పినవి. ఒక గంట గ్రంథాలయంలో జిల్లా పేజీలు తిరగేస్తే అసలు సంగతి మనకే తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం, ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ పౌరులకు సమాచారం దొరికే సదుపాయాలను తనంతట తాను ప్రకటించాలి. ప్రజలకోసం గ్రంథాలయం, పఠన మందిరం ఉంటే వాటి పనివేళలతో సహా. చట్టం రాసినవాళ్లు ఆ గది తలుపు ఎప్పుడు తీస్తారన్నది కూడా పట్టించుకున్నారు!

రిటైరైన మిత్రులారా, ఈసారి ఇంటి పన్ను రసీదు తీసి గ్రంథాలయ సెస్సు గడి చూడండి. మీ పంచాయతీ గత మూడేళ్లలో ఎంత వసూలు చేసింది, ఎంత జమ కట్టింది అని ఒక కాగితం రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రాకపోతే మన సంఘంలో గుమాస్తా పని చేసి వచ్చిన హవల్దార్లకు కొదవ లేదు.

సెలవు. జై హింద్.