కొడుకును యూకే చదువుకు పంపే ముందు

నేను దమ్మామ్‌లో సివిల్ సూపర్‌వైజర్ని. ఐటీఐ చదివి వచ్చినోణ్ణి, పెద్ద చదువుల మీద ఉపన్యాసం చెప్పేటంత వాణ్ణి కాదు. కానీ పోయిన వారం మెస్‌లో మా షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన అడిగిండు. "అన్నా, పిల్లగాడు మాస్టర్స్‌కు యూకే పోతనంటున్నడు. అక్కడ పార్ట్ టైమ్ చేసుకుంటూ సగం ఫీజు కట్టుకోవచ్చని ఏజెంటు చెప్పిండు. పంపాల్నా?" అని. ఇదే మాట నాకూ చెప్పిన్రు. నేను నమ్మిన. అందుకే ఈ రోజు ఈ ముచ్చట.

నా కొడుకు 2024 సెప్టెంబర్‌లో పోయిండు. లండన్ కాదు, ఉత్తరాన ఒక ఊరు. ఒక్క ఏడాది మాస్టర్స్. బ్యాంకు లోన్ 18 లక్షలు, దానికి ఇంటి కాగితాలు పెట్టిన. సైటులో గుంత తవ్వే ముందు కూడా ఎస్టిమేట్ వేసే మనిషిని, కొడుకు చదువుకు మాత్రం వెయ్యలే. ఇప్పుడు మీ ముందు వేస్తున్న, కాగితం పెన్ను తీసుకోండి.

2026 ఏప్రిల్ నుంచి యూకేలో 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస కూలి గంటకు 12.71 పౌండ్లు. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. అంటే వారానికి 254 పౌండ్లు, నెలకు సుమారు 1,100. అది కూడా ఒక్క వారం ఖాళీ లేకుండా పని దొరికితేనే. ఇక ఖర్చు చూడండి. వీసా ఇయ్యడానికి అక్కడి సర్కారే బతకడానికి నెలకు ఇంత చూపించుమంటది: లండన్‌లో 1,529 పౌండ్లు, బయట 1,171. ఇది 2025 నవంబర్ నుంచి ఉన్న లెక్క. నెలకు 1,100 సంపాదించేటోడు 1,171 ఖర్చులోంచి ఫీజు ఎట్ల తీస్తడు? మన లోన్ కిస్తీ ఎట్ల కడతడు? కిరాయికి, తిండికే బొటాబొటి.

"సెలవుల్లో ఫుల్ టైమ్ చెయ్యొచ్చు" అంటరు. నిజమే, కానీ మాస్టర్స్ వాళ్లకు ఎండాకాలం మామూలుగా సెలవు కాదు, డిసర్టేషన్ రాసే కాలం. యూనివర్సిటీ దాన్ని చదువు కాలం కిందనే లెక్కపెడితే అప్పుడు కూడా 20 గంటలే. ఒక వారం 22, ఇంకో వారం 18 చేసి సగటు చూపిస్తనంటే కూడా కుదరదు. సోమవారం నుంచి ఆదివారం దాకా, ఏ వారం లెక్క ఆ వారానిదే.

డబ్బు చూపించే దగ్గర మనసొంటోళ్లు దెబ్బ తింటరు. ఇంకా కట్టాల్సిన ఫీజు, తొమ్మిది నెలల ఖర్చు, రెండూ కలిపి వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు తగ్గినా కష్టమే. ఆ ఖాతా పిల్లవాడిదో తల్లిదండ్రులదో కావాలి. మేనమామ సౌదీలో ఉన్నడు, బాబాయి దుబాయిలో ఉన్నడు, వాళ్ల ఖాతా చూపిస్తమంటే చెల్లదు. వాళ్లు సాయం చేసేదుంటే ఆ పైసలు ముందే మన ఖాతాలోకి రావాలి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ కాగితమైతే నడుస్తది. ఇదిగాక వీసా ఫీజు వేరే, హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్లు వేరే. పెళ్లయిన పిల్లలకు ఇంకో మాట. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కు పోయేవాళ్లు భార్యాపిల్లల్ని వీసా మీద తీసుకపోలేరు.

ఇక నా తప్పు చెప్తా. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాణ్ణి. నా మొదటి ప్రశ్న ఒకటే: "పని దొరికిందారా?" పాఠాలు ఎట్లున్నయని ఒక్కసారి కూడా అడగలే. డిసెంబర్‌లో వాడు చెప్పిండు, రూమ్మేట్ ఒకాయన తన ఫుడ్ డెలివరీ అకౌంట్ కిరాయికి ఇస్తనన్నడని. "అందరూ చేస్తున్నరు గదా, చెయ్" అన్న. వాడు కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగిండు. "బాపూ, నీ ఇకామా మీద ఇంకో మనిషి పనిచేస్తే ఏమైతది?"

నాకు నోట మాట రాలే. ఇరవై ఏళ్ల నుంచి గల్ఫ్‌లో ఉండి, నా కింద పనిచేసే పిల్లలకు రోజూ చెప్పే మాటే అది. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చెయ్యొద్దు, డెలివరీ యాప్ పని ఎక్కువగా దాని కిందికే వస్తది. ఇంకొకరి అకౌంట్ మీద చేస్తే ఇంకా పెద్ద తప్పు. ఒక్క మాటలో చెప్పాలంటే అక్కడ యూనివర్సిటీయే కఫీల్. క్లాసులకు పోకుంటే హోమ్ ఆఫీసుకు రాస్తది. సౌదీలో హురూబ్ పడ్డోణ్ణి చూసినోళ్లకు ఇంకేం చెప్పనవసరం లేదు.

ఇంకో సంగతి. ఫస్ట్ అసైన్‌మెంట్‌లో వాడికి 58 మార్కులొచ్చినయ్. "ఇంటర్‌లో 92 వచ్చినోడికి 58 ఏందిరా?" అని తిట్టిన. అక్కడ మాస్టర్స్‌లో పాస్ 50, మెరిట్ 60, 70 దాటితే డిస్టింక్షన్. 58 అంటే మెరిట్‌కు రెండు మార్కులే తక్కువ. ఈ సంగతి తెల్వక ఏడ్పించిన పిల్లగాణ్ణి.

చదువు అయిపోయింది. వాడిప్పుడు గ్రాడ్యుయేట్ వీసా మీద చిన్న ఉద్యోగం చేస్తున్నడు. వాడికి రెండేళ్ల గడువు దొరికింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లు తప్ప, 18 నెలలే. ఆ లోపల స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. దానికి జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు ఉండాలి. కొత్తగా చదివి వచ్చినోళ్లకు 33,400 దాకా తగ్గిస్తరు గానీ, కొన్ని ఉద్యోగాలకు ఇంకా ఎక్కువే అడుగుతరు. వాడికి ఇంకా దొరకలే. కిస్తీ నేనే కడుతున్న.

మెస్‌లో అడిగిన అన్నకు నేను పంపొద్దని చెప్పలే. యూనివర్సిటీ చాలాసార్లు ఏజెంటుకు కమిషన్ ఇస్తది. కాబట్టి ఆయన మాట విను, కానీ లెక్క నువ్వే వేసుకో. ఫీజు మొత్తం, ఏడాది ఖర్చు మొత్తం పిల్లగాడి కూలి మీద ఆధారపడకుండా నీ దగ్గర ఉన్నయా? చదువు అయినంక కూడా ఒక ఏడాది కిస్తీ కట్టగలవా? ఈ రెండిటికీ అవునంటే పంపు. లేదంటే ఒక ఏడాది ఆగు, ఏం కొంపలు మునగవు.

పంపినంక మాత్రం శుక్రవారం ఫోన్‌లో ముందు ఇదొక్కటి అడుగు: "ఈ వారం ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?"

ఉంటా మరి. మీ ఇంట్ల ఇట్లాంటి లెక్క ఏదన్నా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో కలిసి వేద్దాం. ఎండలు ముదురుతున్నయ్, నీళ్లు మంచిగ తాగండి.