ఒక బండి పేరు చెప్పెడు పాఠము
(మన సంఘ సభయందు చేసిన ఉపన్యాసము)



మాతృభాషను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేనొక గుఱ్ఱపుబండి పేరును గూర్చి చెప్పదలచితిని. ఆ పేరు మనది కాదు, ఆంగ్లేయులది. అయినను దానియందు మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు.

18వ శతాబ్దమున ఇంగ్లండులో ఒకరిద్దరు కూర్చుండి పోవుటకు తగిన తేలిక బండి యొకటి వాడుకలో నుండెను. తరచుగా దానికి రెండు చక్రములు, ఒక గుఱ్ఱము, వెనుకకు మడచుటకు వీలైన పైకప్పు ఉండెడివి. దానిని ‘షేజ్’ అనిరి. ఇది ఫ్రెంచి పదము. కుర్చీ యని యర్థము. ఆ ఫ్రెంచి పదము సయితము ఉచ్చారణలోని మార్పువలన పుట్టినదే. ‘షేర్’ అను పూర్వపదము చివరనున్న రేఫను పారిస్ నగరవాసులు మార్చి పలుకగా ‘షేజ్’ అయినది.

ఇంగ్లీషులో బహువచనము చివర ‘స్’ గాని ‘జ్’ గాని వినబడునని మీరెఱుగుదురు. సామాన్యజనులు ‘షేజ్’ అను మాట విని అది బహువచనమే యనుకొనిరి. పెక్కు బండ్లు ‘షేజ్’ అయినచో ఒక్క బండి ‘షే’ కావలెను గదా! ఇట్లు ‘షే’ అను క్రొత్త పదము పుట్టెను. బఠానీగింజకు ‘పీ’ అను పేరును ఈ తీరుననే వచ్చినది. పూర్వము ‘పీజ్’ అనునదే ఏకవచనము.

‘షే’ పామరుల మాట యని ముద్రపడినను జనులు దానిని విడువలేదు. అది సముద్రము దాటి అమెరికా చేరెను. 1858లో ఆలివర్ వెండెల్ హోమ్స్ అను అమెరికను కవి వ్రాసిన హాస్యకవితకు నాయకుడు ఒక ‘షే’ బండియే. ఏ భాగమును వేఱొకదానికంటె బలహీనము కాకుండ కట్టబడిన ఆ బండి సరిగా నూరేండ్లు నడచి, ఒక్కసారిగా పొడియైపోయెనని కథ. మోటారుకార్లు వచ్చిన పిదప నిజమైన ‘షే’లును పోయినవి. వాటితోపాటు, పలుకువారు లేక, ఆ పేరును పాతపదములలో చేరినది.

మన జట్కా చరిత్రయు నిట్టిదే. కుదుపు అను అర్థముగల హిందూస్థానీ ‘ఝట్కా’ నుండి వచ్చిన ఆ మాటను తెలుగువారు, తమిళులు, కన్నడిగులు తమ నోళ్లకు అనువుగా మలచుకొనిరి. 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువులో అది మద్రాసు బాడుగబండిగా కనిపించును. నేడు మన పిల్లలలో అనేకులకు జట్కా యనిన నేమో తెలియదు.

ఇక అసలు సంగతి. సెలవులకు ఆంధ్ర, తెలంగాణములలోని బంధువుల యిండ్లకు పోయిన మన పిల్లల పలుకునందు పొరుగుభాష యాస విని కొందరు నవ్వుచున్నారు. పిల్లవాడు సిగ్గుపడి, తిరిగివచ్చిన పిదప ఇంట తెలుగు మాటలాడుటయే మానుచున్నాడు. నవ్వువారిలో మనమును లేకపోలేదు. ‘షూస్’ అనునది బహువచనమని యెఱుగక ‘షూసులు’ అనిన బిడ్డను గద్దించుచున్నాము. ఆ ‘లు’ చేర్చుటలోనే వాని నోట తెలుగు బ్రతికియున్నదని మనము గ్రహింపవలదా?

తప్పులు దిద్దవద్దని నేననను. చదువను, వ్రాయను శ్రద్ధగా నేర్పవలసినదే. ముందుగా మాటలాడనిండు, పిదప మెల్లగా దిద్దుడు. తప్పుగా పలికిన మాటను దిద్దుకొనవచ్చును. ఒక్కొక్కప్పుడు అది ‘షే’ వలె నిలిచిపోవనువచ్చును. అసలే పలుకని మాటకు ఈ రెండు దారులును లేవు.

ఈ రాత్రి భోజనమువేళ మీ పిల్లలకు జట్కా యనిన నేమో తెలుగులో చెప్పుడు. వారిచేత ఆ మాట పలికింపుడు. ఎట్లు పలికినను నవ్వకుడు. నా విన్నప మింతియే.